గ్రహణం మొర్రి: అమ్మ చేసిన తప్పేంటి?

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం గుర్తుందా? ఎర్ర చంద్రుణ్ణి స్టేటస్‌లో పెట్టి మురిసిపోయాం. విస్సన్నపేట, తిరువూరు వైపు ఊళ్లే కాదు, ఏ ఊళ్లో చూసినా గ్రహణమంటే కడుపుతో ఉన్న పిల్లకి ఒకటే పాఠం. కదలకుండా పడుకో, కత్తిపీట ముట్టుకోకు, మంచినీళ్లూ తాగకు. లేదంటే బిడ్డకి మొర్రి!

మన భాషలో ఈ లోపం పేరే గ్రహణం మొర్రి. పేరులోనే కారణం చెప్పేశాం, దోషినీ తేల్చేశాం. పెదవి చీలిన బిడ్డ పుడితే బాలింతని అడిగే మొదటి మాట, "గ్రహణం నాడు ఏం కోశావే?" అని. తమాషా ఏంటంటే మెక్సికోలోనూ ఇదే భయం. కాకపోతే అక్కడ గర్భిణులు గ్రహణం రోజు రక్షణ కోసం పిన్నీసు పెట్టుకుంటారు. మనకి ఇనుము ముట్టుకుంటే ముప్పు, వాళ్లకి ముట్టుకుంటేనే క్షేమం!

అసలు లోపల జరిగేది వేరు. బిడ్డ ముఖం రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. గర్భంలో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య పెదవి, ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య అంగిలి తయారవుతాయి. కిట్ మీద రెండు గీతలు చూసి, ఇంట్లో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి పెదవి పని దాదాపు అయిపోయుంటుంది. ఇక అయిదో నెలలో వచ్చిన గ్రహణం ఆ పెదవిని ఎలా చీలుస్తుంది? ప్రపంచంలో సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డకి ఈ లోపం ఉంటుంది, గ్రహణం కనపడిన ఏడాదైనా కనపడని ఏడాదైనా.

మరి ముప్పు పెంచేవి లేవా అంటే, ఉన్నాయి. గర్భం మొదట్లో పొగ తాగడం ఒకటి. మన ఇళ్లలో ఆడవాళ్లు తాగరులే అనకండి. పక్కన కూర్చుని మొగుడో మామగారో వదిలే బీడీ, సిగరెట్ పొగ పీల్చినా ముప్పు పెరుగుతుందనే అధ్యయనాలు చెప్తున్నాయి. గ్రహణం పూట కోడల్ని గదిలో పెట్టి, అరుగు మీద చుట్ట వెలిగించే పెద్దాయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. గర్భానికి ముందే షుగర్ ఉండి అదుపులో లేకపోవడం ఇంకోటి. అలాంటి అమ్మాయిని గ్రహణమని గంటల తరబడి పస్తు పెడితే అసలు ప్రమాదం అక్కడే.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఫిట్స్ మందుల సంగతి. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ అనే మందులు మొదటి మూడు నెలల్లో వాడితే మొర్రి ముప్పు పెరుగుతుంది. ఫిట్స్ ఉన్నాయంటే సంబంధం తప్పిపోతుందని పెళ్లిలో దాచేస్తారు, అత్తారింట్లో చాటుగా మాత్ర మింగాల్సొస్తుంది. గర్భం రాగానే భయపడి ఠక్కున మానేస్తే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి సొంతంగా ఆపొద్దు. పిల్లల్ని కనాలనుకున్నప్పుడే డాక్టరుకి చెప్తే మందు మార్చడమో, మోతాదు సరిచేయడమో చూస్తారు. ఈ మాట ముందుగా మొగుడికి తెలిసుండాలి.

ఫోలిక్ యాసిడ్ మాటేంటి? వెన్నెముక లోపాల్ని చాలావరకు ఆపుతుందన్నది రుజువైన సంగతి. మొర్రి విషయంలో రుజువు అంత గట్టిది కాదు, అయినా వేసుకోవాల్సిందే. రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భానికి ముందు నుంచే మొదలెట్టాలి. ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడగండి. మేనరికాలూ, కుటుంబంలో ఇదివరకే ఎవరికైనా ఉండటమూ కొంత లెక్కలోకొస్తాయి. ఇవేవీ లేకుండానే పుట్టే పిల్లలు కూడా చాలామంది. ఫలానా కారణమని ఏ డాక్టరూ వేలెత్తి చూపించలేరు.

పుట్టాక? అంగిలి చీలిన బిడ్డ రొమ్ము పట్టి చప్పరించలేదు. పాలు పిండి, బిడ్డని నిటారుగా ఎత్తి పట్టుకుని, మన పాత ఉగ్గుగిన్నెతోనే కొంచెం కొంచెంగా పట్టొచ్చు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి మాటలు రాకముందే, అంటే తొమ్మిది నుంచి 18 నెలల మధ్య, ఆపరేషన్ చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి కూడా ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ఈ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో చేస్తారో 104కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు.