క్షతగాత్రుని చెంతకు విద్యుద్వాహనము

రష్యా సేనలు 2022వ సంవత్సరము ఫిబ్రవరిలో ఉక్రెయినుపై దండెత్తిన కొలదినెలలకే యొక వింతవార్త లోకపు పత్రికలలో వెలువడెను. ఆ దేశమునకు చెందిన డెల్‌ఫాస్ట్, ఎలీక్ అను సంస్థల విద్యుత్ సైకిళ్లు యుద్ధభూమికి చేరినవి. చప్పుడు లేక చెట్లనడుమ సాగిపోవు నట్టి బండ్లమీద ట్యాంకులను ఛేదించు క్షిపణులను కట్టియుంచిన ఛాయాచిత్రములను మా పాఠకులలో పెక్కురు చూచియే యుందురు. క్షిపణిని మోయగల బండి మందులసంచిని మోయలేదా యను ప్రశ్న సహజముగనే పుట్టినది. కల్లోలప్రాంతములందు ప్రథమచికిత్స చేయువారికి దృఢమైన విద్యుత్ సైకిళ్లను సమకూర్చవలెనని దాతలును సేవాసంఘములును ఉత్సాహపడుచున్నారు. ఉద్దేశము మంచిదే. కాని బండిని ఎన్నుకొను పద్ధతినిగూర్చి మాకు కొన్ని సందేహములు గలవు. వేగమెంత, మోటారు శక్తి యెంత యని యడుగువారే యధికులు గాని, దెబ్బతిని నేలపై పడియున్నవానికి దానివలన కలుగు నుపకారమేమి యని మొదట విచారించువారు తక్కువ.

యుద్ధములో గాయపడినవారందరును తత్క్షణమే మరణింపరు. సకాలమున చికిత్స యందినచో బ్రతుకదగినవారిలో పెక్కుమందిని బలిగొనునది రక్తస్రావము. కాలికో చేతికో పెద్ద రక్తనాళము తెగినపుడు గాయమునకు పైభాగమున బిగించు పట్టీ కొలదినిమిషములలో పడినచో మనిషి నిలుచును. పడనిచో ఆసుపత్రి మాట యెత్తకమునుపే పోవును. ఆఫ్ఘనిస్తానములో గాయపడిన తమవారిని అరువది నిమిషములలో శస్త్రవైద్యుని కడకు చేర్చవలెనని అమెరికా రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ 2009లో శాసించెను. ఆకాశమంతయు వారి చేతిలో నుండెను గనుక హెలికాప్టర్లతో నది సాధ్యమయ్యెను. ఉక్రెయినులో నట్లు కాదు. అచ్చట రణరేఖ చెంతకు హెలికాప్టరు పోజాలలేదు. 2023 నుండి చిన్నడ్రోనులు విస్తరించిన పిమ్మట నాలుగుచక్రముల బండి సైతము కొన్ని కిలోమీటర్ల దూరముననే వేటాడబడజొచ్చినది. గాయపడినవాడు చీకటి పడువరకు పడినచోటనే వేచియుండిన సందర్భములు కోకొల్లలు.

కావున విద్యుత్ సైకిలు చేయదగిన పని యొక్కటియే యని మా యభిప్రాయము: క్షతగాత్రుని వైద్యుని యొద్దకు తెచ్చుట కాదు, చికిత్సకుని క్షతగాత్రుని యొద్దకు చేర్చుట. మనిషియు, ఇరువది కిలోల సంచియు, ఒక మడత డోలియు నెక్కిన చాలును. తిరుగుప్రయాణము వేరొక సమస్య. దానికి మనుష్యుల భుజములు కావలెను. 1899లో దక్షిణాఫ్రికా యుద్ధమున గాంధిగారు కూర్చిన నేటాలు భారతీయ క్షతగాత్రసేవాదళములో రమారమి 1,100 మంది యుండిరి. డోలీలను మోసికొని దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్లు వారు నడచిన సందర్భములు కలవు. వారిలో పెక్కురు ఒడంబడిక కూలీలు. మద్రాసు రాజధాని నుండి నేటాలునకు పోయిన కూలీలలో తెలుగువారు గణనీయముగా నుండిరి గనుక ఆ దళపు చరిత్ర మనకు పరాయిది కాదు. నూటయిరువది యేండ్లు గడచినను ఆ డోలీ పని తీరలేదు.

మన దేశమున నీ విషయము చర్చకు రాకపోలేదు. రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకు చెందిన ఢిల్లీ వైద్యపరిశోధనాలయము "రక్షిత" యను మోటారుసైకిలు అంబులెన్సును నిర్మించి 2021 జనవరి 18వ తేదీన కేంద్ర రిజర్వు పోలీసు దళమున కప్పగించినది. అట్టివి 21 బండ్లు. 350 సి.సి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి వెనుక వాల్చదగిన యాసనమును, తల కదలకుండ నుంచు సాధనమును, కాలుసేతులకు పట్టీలను, నాడి మొదలగువానిని నడుపువానికి తెలుపు యంత్రమును అమర్చిరి. పక్కారోడ్ల క్రింద మందుపాతరలుండు బస్తరు ప్రాంతమున పెద్దబండి పోరాదని ఆ దళమువారు అనుభవముచే నెరిగినవారే. ఆలోచన మెచ్చదగినది. కాని వెన్నెముకకు దెబ్బ తగిలినవానిని, స్పృహ తప్పినవానిని రాళ్లబాటపై రెండుచక్రముల మీద కూర్చుండబెట్టి తెచ్చుట యందరి విషయమున తగునా? విద్యుత్ బండిని కోరువారు దీనినే పెట్రోలు తీసివేసి మరల నిర్మింపబూనినచో ఈ చిక్కు తీరదు.

ఇక బండి విషయము. మోటారు నమర్చుటకు ముఖ్యముగా రెండు పద్ధతులు గలవు. చక్రపు నడిబొడ్డులో నమర్చినది యొకటి. తొక్కుడుబద్దల యొద్ద నమర్చి గొలుసుద్వారా నడపునది మరియొకటి. రెండవది గేర్ల సహాయము పొందును గనుక కొండల నెక్కును. అయితే గొలుసు త్వరగా నరుగును, బురదలో తెగును, తెగినచో బండి నిలిచిపోవును. మొదటిదానికి గొలుసు తెగినను మోటారు నడచును. కాని నిట్టనిలువుగా నున్న దారిలో మెల్లగా నెక్కునపుడు వేడెక్కి కాలిపోవు ప్రమాదము గలదు. పంక్చరు వేయుటయు శ్రమ. ఉక్రెయిను మైదానములకు చక్రపు మోటారు చాలును. బస్తరు వంటి కొండలకు గొలుసు మోటారే తగును. ఈ భేదము నెంచక యొకే బండిని యన్నిచోట్లకు పంపుట అవివేకము.

బ్యాటరీ లెక్కలో మోసపోవువారు మరింత ఎక్కువ. 48 వోల్టులు, 20 ఆంపియరు గంటల బ్యాటరీలో 960 వాట్ గంటల శక్తి యుండును. నున్నని దారిపై తొక్కుచు పోవువానికి కిలోమీటరునకు పది వాట్ గంటలు చాలును గనుక అమ్మువారు నూరు కిలోమీటర్లని ప్రకటింతురు. బరువుతో, బురదలో, తొక్కక పోయినచో ముప్పది కావలెను. అనగా 32 కిలోమీటర్లు. చలికాలమున నందులో నాలుగవవంతు తగ్గినదనుకొందము, మిగులునది 24. పది కిలోమీటర్లు పోయి రావలసినవానికి చేతిలో మిగులునది నాలుగే! దారి తప్పిననో? అందుచేత ఒక పెద్ద బ్యాటరీకంటె క్షణములో మార్చదగిన రెండు చిన్నవి మేలని మేము తలంచుచున్నాము. లిథియము బ్యాటరీలలో ఐరన్ ఫాస్ఫేటు జాతి కొంచెము బరువైనను నిప్పంటుకొను భయము తక్కువ, మన్నిక యెక్కువ. ఉష్ణదేశములకు నదియే శ్రేష్ఠము. గడ్డకట్టు చలిలో నే లిథియము బ్యాటరీకిని చార్జి పెట్టరాదు. లోపలి ఘటములు చెడును. పోరు సాగుచోట కరెంటు నుండదు. 200 వాట్ల సౌరఫలకము మంచి యెండ గల పగటిలో నొక బ్యాటరీని నింపును. మబ్బు పట్టిన చలికాలమునకు జనరేటరు తప్పదు. మరియొక మాట. 160 వాట్ గంటలకు మించిన బ్యాటరీని ప్రయాణీకుల విమానములో సామానుగా తీసికొనిపోనియ్యరు. ఓడపైననో, సరకువిమానములో ప్రమాదవస్తువుగనో పోవలెను గనుక బండి చేరిననాడే బ్యాటరీ చేరునని నమ్మరాదు.

సాధారణపు సైకిలును మార్చి వాడుకొనుటను కొందరు చిన్నచూపు చూచుచున్నారు. మాకది సరియని తోపదు. గట్టి యుక్కు చట్రము గల సైకిలు విరిగినచో గ్రామపు వెల్డింగువాడు అతుకును. అల్యూమినియపు చట్రము నతకుట వానికి సాధ్యము కాదు. చక్రపు మోటారు ఇరుసు చట్రమును చీల్చుకొని తిరుగకుండ ఉక్కుబద్దను బిగింపవలెను. తీగలకు నీరు తగులని కప్పు నుండవలెను. అన్ని బండ్లకు నొకే రకపు బిగింపులు, ఒకే టైరు, ఒకే చార్జరు. దీపములన్నియు నొక్క మీటతో నారిపోవలెను. మందులసంచి వీపున గాక చక్రమునకు దగ్గరగా క్రిందుగా నుండుట మేలు. వేగము గంటకు నలుబది కిలోమీటర్లు దాటనక్కరలేదు. క్రిందపడి ఎముక విరిగిన చికిత్సకుడు మరియొక క్షతగాత్రుడగును.

నిశ్శబ్దముగా పోవుటయే యీ బండికి గొప్ప గుణమని చెప్పుదురు. పెట్రోలు ఇంజను వలె మ్రోగదు, దానివలె వేడెక్కదు; నిజమే. కాని పైనుండు డ్రోను వినదు, చూచును. నడుపు మనిషి దేహపు వేడిమి చాలును వానిని పట్టుటకు. శత్రువు వినకుండుటకంటె తాను వినగలుగుట ముఖ్యము. డ్రోను ధ్వని చెవినపడి గుంటలో దూకుటకు దొరకు కొలదిక్షణములే యీ బండి యిచ్చు లాభము.

అన్నిటికంటె చిక్కైన ప్రశ్న న్యాయమునకు సంబంధించినది. 1949 జెనీవా ఒడంబడిక క్షతగాత్రుల వాహనములకు రక్షణ నిచ్చినది. శత్రువునకు హాని చేయు పనికి వాడినచో నా రక్షణ తొలగును. చికిత్సకుడు తన్నును తన రోగిని కాపాడుకొనుటకు చిన్న ఆయుధమును ధరింపవచ్చును, క్షిపణిని మోయరాదు. 2016 మే 3వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2286వ తీర్మానముచే నీ ధర్మమునే మరల ప్రకటించినది. ప్రకటించి యేమి? 2025 మార్చి 23వ తేదీన గాజాలోని రఫా యొద్ద పదునేనుగురు వైద్యసేవకులును సహాయకులును చంపబడిరి. వారి బండ్లు దీపములు వెలిగించుకొనియే పోవుచుండెనని తరువాత బయటపడిన చలనచిత్రము చూపినది. గుర్తు కనబడినను చంపువారున్నచోట గుర్తేల యని యడుగువారి యావేదన మాకు తెలియకపోలేదు. అయినను ఒకే నమూనా బండి నుదయమున క్షిపణికిని, సాయంకాలమున మందులకును వాడిన సేన, తన చికిత్సకునిపై గురిపెట్టువానికి తానే సాకు నందించినదగును. చికిత్సకుల బండ్లు వేరుగా నుండవలెను. వానిని అరువిచ్చు నధికారము సేనాపతికి సైతము నుండరాదు. దాతలు డబ్బిచ్చునపుడే యీ నిబంధనను వ్రాయించుకొనుట యుక్తము.

మన ప్రభుత్వము చేయదగినది కొంత గలదు. మనదేశమున చేరు లిథియము ఘటములలో నధికభాగము చైనా నుండి వచ్చుచున్నది. మహబూబునగరు చెంత దివిటిపల్లిలో అమరరాజా సంస్థ తలపెట్టిన ఘటముల కర్మాగారమునకు 2023 మేలో శంకుస్థాపన జరిగినది. సరిహద్దున పోరు వచ్చిననాడు పొరుగుదేశపు ఘటములతో మన క్షతగాత్రులను కాపాడుకొందుమనుట హాస్యాస్పదము గనుక ఇట్టి ప్రయత్నములను మేము హర్షించుచున్నాము. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. పది యుక్కు సైకిళ్లకు మోటారులమర్చి, బస్తరులోను మన మన్యములోను ఒక్క వర్షకాలము ఆరోగ్యసేవకులచేత నడిపింపవలెను. ఏ భాగము ఎన్నిమారులు చెడెనో, బాగుచేయుటకు ఎన్నిదినములు పట్టెనో, ఎవరు బాగుచేసిరో ప్రభుత్వము పత్రికలకు ప్రకటింపవలెను.