బస్తా తూకం, తట్ట కొలత
1956 నాటి రాష్ట్రాల పునర్విభజన దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండిన పాత రాజురా తాలూకా ప్రాంతంలోని ఉప్పర్వాహిలో నేడు మరాఠా సిమెంట్ వర్క్స్ నింపే బస్తా, మహారాష్ట్రలో విప్పినా తెలంగాణలో విప్పినా, 50 కిలోలే తూగుతుంది. అయితే అందులో కలిపే ఇసుకనూ కంకరనూ తాపీ మేస్త్రీ కిలోల్లో కాక తట్టలతోనూ, ఘనపుటడుగులతోనూ, అనగా పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క అడుగు ఉన్న పరిమాణంతోనూ, కొలుస్తాడు. అమెరికాలో సంప్రదాయ బస్తా 94 పౌండ్లు, అంటే సుమారు 42.6 కిలోలు, చూడడానికి వింత అంకే అయినా, ఆ బస్తాను ఒక ఘనపుటడుగు సిమెంటుగా లెక్కిస్తారు కనుక, ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర అన్నప్పుడు అక్కడి పనివాడికి వేరే లెక్క అక్కరలేదు. మెట్రిక్ బస్తా సుమారు 35 లీటర్లు, అంటే ఘనపుటడుగుంబావుకు కాస్త తక్కువ, కావడంతో ఇక్కడి తట్టల లెక్క కంటి అంచనాకు దిగిపోతుంది. దోషం మెట్రిక్ పద్ధతిది కాదు (1956 చట్టంతో దశాంశ తూనికలను తెచ్చుకోవడం ఈ దేశం చేసిన మంచి పనులలో ఒకటి). తూకాన్ని మార్చి కొలిచే తట్టను పాతదిగానే వదిలేసిన అలసత్వానిది. సిమెంట్ కంపెనీలు బస్తాపై 50 కిలోల పక్కనే 35 లీటర్లని తెలుగులోనూ మరాఠీలోనూ అచ్చు వేయాలి.