ఇద్దరు వెంకటేశ్వర్లు, ఒక జాబితా

వేటపాలెం లాంటి చేనేత ఊళ్లో ఒకే ఇంటిపేరు గలవాళ్లు చాలామంది ఉంటారు. దానికి తోడు తాత పేరు మనవళ్లకు పెట్టుకునే ఆచారం. అన్నదమ్ముల పిల్లలిద్దరూ వెంకటేశ్వర్లే అయ్యారనుకుందాం. ఒకరి మగ్గం తూర్పు వీధిలో, ఇంకొకరిది పడమటి వీధిలో. వీధులవారీ జాబితాల్లో ఇద్దరూ ఉన్నారు. ఊరి జాబితా తయారయ్యేసరికి ఒక్కరే మిగిలారు. పేరూ ఇంటిపేరూ ఒకటే కదా అని కలిపేశారు! రేపు చేనేత పింఛనుకి వెళితే రెండో వెంకటేశ్వర్లుకి దొరికే జవాబు తెలిసిందే: 'మీకు ఇస్తూనే ఉన్నాం కదండీ!'

అదే జాబితాలో ఏ వీధిలోనూ లేని పేరు కూడా ఒకటి చేరింది. ఇల్లు లేదు, మగ్గం లేదు, పేరు మాత్రం ఉంది.

ఈ రెండు తప్పులకూ గణితంలో చోటుంది. ప్రతి ప్రాంతానికీ ఓ జాబితా, చిన్న ప్రాంతంలోని పేరు పెద్ద ప్రాంతం జాబితాలో ఎక్కడ చేరాలో చెప్పే నియమం... ఇంతవరకే ఉంటే దాన్ని ప్రీకోషీఫ్ అంటారు. వీధుల జాబితాలను సరిగ్గా అతికిస్తే ఎంత వస్తుందో ఊరి జాబితా కూడా అంతే ఉంటే అది కోషీఫ్. రెండు వీధుల మూల మీది ఇల్లు రెండు జాబితాల్లోనూ ఉన్నా ఊరి లెక్కలో ఒకటే. అతుకు అలాంటి చోటే పడాలి తప్ప పేర్లు కలిశాయని కాదు. ఆధారం లేని పేరు తీసేయడం, అన్యాయంగా కలిపేసిన ఇద్దర్ని విడదీయడం... ప్రీకోషీఫ్‌ను కోషీఫ్‌గా దిద్దడమంటే ఇదే.

షీఫ్ అంటే కోతల్లో కట్టే పన. ఈ ఆలోచనకు ఆద్యుడు ఫ్రెంచి గణితవేత్త జాన్ లెరే. 1940లో జర్మన్లకు చిక్కి, 1945 దాకా ఆస్ట్రియాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. ద్రవాల గణితంలో తన నైపుణ్యం బయటపడితే శత్రువుల యుద్ధానికి వాడుకుంటారని దాన్ని దాచి, టోపాలజీ వైపు మళ్లాడు. షీఫ్‌లో చూపు మొత్తం నుంచి ముక్కలకు దిగుతుంది. కోషీఫ్‌లో ముక్కల నుంచి మొత్తానికి ఎక్కుతుంది.

ఈ కథలో వేటపాలేనికి దగ్గరివాడూ ఉన్నాడు. మచిలీపట్నంలో పుట్టి బాపట్ల హైస్కూల్లో చదివిన కొమరవోలు చంద్రశేఖరన్, బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో గణిత విభాగాన్ని తీర్చిదిద్దారు. అక్కడ డౌకర్ అనే గణితవేత్త షీఫ్‌ల మీద ఇచ్చిన ఉపన్యాసాలు 1957లో అచ్చయ్యాయి.

షీఫ్‌లను దిద్దే దారి ఎప్పుడో దొరికింది. కోషీఫ్‌లే మొండికేశాయి. ఊళ్లో అయితే ఇంటికి మించి చిన్న ముక్క లేదు. ఇంటింటి నుంచీ రాసుకుంటూ వస్తే చాలు. టోపాలజీలోని ప్రాంతాలకు అలాంటి ఆఖరి ముక్క ఉండాలనేం లేదు. చిన్నది చేసేకొద్దీ ఇంకా చిన్నది ఉంటుంది. అక్కడే చిక్కు. 1, 2, 3... అంటూ సాగే జాబితాలో ముందు 1 కొట్టేయాలి, తర్వాత 2, ఆ తర్వాత 3. ఎప్పుడు చూసినా లెక్కలేనన్ని అంకెలుంటాయి. కానీ చివరిదాకా నిలిచే అంకె ఒక్కటీ లేదు! ప్రతి మెట్టులోనూ నిండుగా ఉన్నది ఆఖరికి ఖాళీ.

నార్వేకు చెందిన ట్రోమ్సో విశ్వవిద్యాలయ గణితవేత్త ఆంద్రే ప్రసోలోవ్ 2016లో ప్రచురించిన వ్యాసంలో ఓ ఉపాయం వాడారు. ఆఖరి జాబితా కోసం పట్టుబట్టకుండా, సన్నబడుతూ పోయే జాబితాల వరస మొత్తాన్నీ జవాబుగా తీసుకున్నారు. అప్పుడు ఏదీ చేజారదు.

రెండో వెంకటేశ్వర్లుకి ఇంత గణితం అక్కర్లేదు. రాసేవాళ్లు ఊరి జాబితా పక్కనపెట్టి మరోసారి పడమటి వీధికి వెళ్లి, ఆయన గుమ్మం ముందు నిలబడితే చాలు. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.