అమీర్‌పేటలో చెప్పని ఆగస్టు 6

వెబ్‌సైట్ అనేది ఎప్పుడు పుట్టిందని అమీర్‌పేటలో అడిగి చూడండి. మైత్రీవనం మెట్ల మీద, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో జిరాక్స్ నోట్సు పట్టుకుని తిరిగే కుర్రాళ్ళు చెప్పేస్తారు. ఇంటర్వ్యూలో అడుగుతారేమోనని బట్టీపట్టి ఉంటారు మరి. టిమ్ బర్నర్స్ లీ అనే ఇంగ్లండు ఆయన 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో ఈ ఆలోచన రాసిచ్చాడు, 1991 ఆగస్టు 6న బయటి ప్రపంచానికి ప్రకటించాడు. అంతవరకూ నోట్సు కరెక్టే.

అదే 1991 ఆగస్టు 6న మన దగ్గర ఏం జరిగిందో ఆ నోట్సులో ఉండదు. ఆ రోజు గుంటూరు జిల్లా చుండూరులో అగ్రకుల పెత్తందార్లు ఎనిమిది మంది దళితులను వేటాడి నరికారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైను కాలవలో పడేశారు. బాబాసాహెబ్ శతజయంతి అని సర్కారు వారు దండలు వేసి ఉపన్యాసాలిచ్చిన ఏడాదే అది!

తేదీలు కలవడం కాకతాళీయమే. దానికి మేము పంచాంగం విప్పబోవడం లేదు. కానీ ఒక తేదీని ప్రపంచమంతా గుర్తు పెట్టుకుని, రెండోదాన్ని మన పిల్లలే ఎరగకుండా పోవడం మాత్రం కాకతాళీయం కాదు. దాని సంగతే మాట్లాడదాం.

ముందు వెబ్ అంటే ఏమిటో వాడలో అమ్మకీ నాయనకీ కూడా అర్థమయ్యేట్టు చెప్పుకుందాం. మన చుండూరు కరపత్రంలో 'కారంచేడు' అనే మాట మీద వేలు పెడితే 1985 జూలై 17 నాటి కారంచేడు కరపత్రం తెరుచుకుందనుకోండి. దాంట్లో 'మహద్' అనే మాట ముట్టుకుంటే మహద్ చెరువు పోరాటం తెరుచుకుందనుకోండి. అదీ లింకు. అలా కాగితానికి కాగితం ముడివేసిన సాలెగూడే వెబ్. ఆ కాగితాలు దాచిన యంత్రాన్ని సర్వర్ అంటారు. అది ఆగితే కాగితం కనబడదు. అందుకే బర్నర్స్ లీ తన మొదటి కంప్యూటరు మీద ఎర్ర సిరాతో చీటీ రాసి అంటించాడు, ఇది సర్వరు, ఆపొద్దు అని.

ఆ రోజుల్లో గోఫర్ అని ఇంకో పద్ధతి కూడా ఉండేది. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళది. 1993లో వాళ్ళు దానికి ఫీజు అడగబోయేసరికి జనం జారుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ వాళ్ళు వెబ్‌ను ఉచితంగా లోకానికి వదిలేశారు. హక్కులు లేవు, రుసుము లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. వెబ్ బతికి బట్టకట్టడానికి ఇదొక పెద్ద కారణం.

అంటే ఊరుమ్మడి బావి అన్నమాట. బానే ఉంది. మన ఊళ్ళలో బావులు కూడా రాతలో ఊరుమ్మడివే కదా! మహద్ చవదార్ చెరువు మునిసిపాలిటీ తీర్మానంలో అందరిదే. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిట్లో నీళ్ళు తీసుకోవాల్సి వచ్చింది. తీసుకున్నందుకు మనవాళ్ళ తలలు పగిలాయి. ఉచితం అని కాగితం మీద రాసినంత మాత్రాన కడవ ముంచనిస్తారా?

మన దేశంలో ఈ బావి గట్టు ఎవరిదో చూడండి. 1986లో మొదలైన ఎర్నెట్ ఐఐటీల్లాంటి పెద్ద చదువుల గడపల్లో తిరిగింది. వీఎస్ఎన్ఎల్ వాళ్ళు 1995 ఆగస్టు 15న, స్వాతంత్య్ర దినం నాడే సుమా, సొమ్ము కట్టినవాళ్ళకి ఇంటర్నెట్ తెరిచారు. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు, ఈ నాలుగు నగరాల్లో మొదట. హైదరాబాదు కూడా అందులో లేదు, ఇక మాలపల్లె మాదిగగూడెం మాట చెప్పాలా! టెలిఫోను, కంప్యూటరు, ఇంగ్లీషు మూడూ ఉన్న ఇల్లు ఎవరిది? కరెంటు స్తంభం ఊళ్ళోకి వచ్చి వాడ దగ్గర ఆగిపోయినట్టే ఇదీ ఆగింది. 1998లో సైబర్ టవర్స్‌కి రిబ్బను కత్తిరించి కంప్యూటర్ని మేమే తెచ్చామన్నారు. 1999లో సత్యం ఇన్ఫోవే ఒక వెబ్‌సైట్ల కంపెనీని 499 కోట్లకు కొంటే పేపర్లు మురిసిపోయాయి. ఆ సత్యం సామ్రాజ్యం లెక్కలు 2009లో ఏమయ్యాయో మీకు తెలిసిందే.

అమీర్‌పేటను వెక్కిరించే ఉద్దేశం మాకు లేదు. ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని, ఎస్సార్ నగర్ హాస్టల్లో నీళ్ళచారు తాగి, సత్యం థియేటర్ వెనక సందుల్లో క్లాసులు విని మన పిల్లలు ఉద్యోగాల్లోకి ఎక్కారు. ఇంజనీరింగ్ కాలేజీ నాలుగేళ్ళలో చెప్పంది ఇక్కడ మూడు నెలల్లో చెప్పారు. అది కాదనలేం. కానీ వాళ్ళతో ఏం కట్టించారు? అమెరికా బ్యాంకుకీ బట్టల కొట్టుకీ పేజీలు. నీ వాడకొక పేజీ కట్టుకోరా, మీ తాత మీద పడిన కేసు కాగితాలు అందులో పెట్టరా అని ఏ సారూ చెప్పలేదు.

వెబ్‌ను కనిపెట్టినాయన దాంట్లో కులం గడి పెట్టలేదు. అది మనవాళ్ళ కానుక! పెళ్ళి సంబంధాల సైట్లు తెరిచి చూడండి. పేరు, వయసు, ఎత్తు, ఆ పక్కనే కులం. నొక్కితే జాబితా జారుతుంది. అది చాలదన్నట్టు కమ్మ మ్యాట్రిమొనీ, రెడ్డి మ్యాట్రిమొనీ అంటూ కులానికో గుమ్మం. పెళ్ళిళ్ళ పేరయ్య సంచిలో ఉన్న మనుస్మృతిని సర్వర్లోకి ఎక్కించారు. సముద్రం దాటినా అంతే. అమీర్‌పేట గోడల మీద సీసీఎన్ఏ అని బోర్డులుంటాయి, అది సిస్కో కంపెనీ పరీక్ష. ఇంటర్నెట్ సరుకును దారి మళ్ళించే పెట్టెలు ఆ కంపెనీ తయారుచేస్తుంది. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఆ కంపెనీ మీదే కేసు వేసింది, దళిత ఇంజనీరు పట్ల అగ్రకుల అధికారులు వివక్ష చూపారని ఆరోపణ. 2023లో ఆ ఇద్దరు అధికారుల మీద కేసు ఎత్తేశారు, కంపెనీ మీద ఉంచారు.

ఇక అక్షరాల గొడవ. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మనకు బాగా దెబ్బకొట్టింది ఇదే. ప్రపంచ భాషలన్నిటికీ ఒకే లిపి సంకేతం ఉండాలని వచ్చిన యూనికోడ్‌లో 1991లోనే తెలుగు చేరింది. అయినా మన పెద్ద పత్రికలు చాలా ఏళ్ళు ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకున్నాయి. ఈనాడు అక్షరం ఈనాడుది, వార్త అక్షరం వార్తది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో చూస్తే పిచ్చిగీతలు. వెతికితే దొరకదు. నాగార్జున వెన్న అనే ఆయన 'పద్మ' అనే సాధనం చేసి ఈ ఫాంట్లన్నీ యూనికోడ్‌లోకి మార్చే దారి చూపాడు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలుపెట్టిందీ ఆయనే. అప్పటికే ఒక దశాబ్దం పోయింది. ఏ దశాబ్దం? కారంచేడు, చుండూరు తర్వాత మనం కరపత్రాలు, పాటల పుస్తకాలు, పక్షపత్రికలు గుట్టలుగా అచ్చేసిన దశాబ్దం! వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ ట్రంకుపెట్టెల్లో చెదలకు మేతగా ఉన్నాయి.

మనవాళ్ళు ఊరుకున్నారని కాదు. 1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు సభ రద్దు చేసుకుంటే బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' ఉపన్యాసాన్ని సొంత డబ్బుతో అచ్చేశారు. ఆ పుస్తకాన్ని ఇవాళ కొలంబియా యూనివర్సిటీ సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. హైదరాబాదు ఇఫ్లూలో చదివిన రవిచంద్రన్ బత్రాన్ 'దళిత్ కెమెరా' నడిపాడు. 2016లో రోహిత్ వేముల, అతని తోటి విద్యార్థులు సెంట్రల్ యూనివర్సిటీలో వేసుకున్న వెలివాడ పేరు ఒక వెబ్‌సైటుకే పేరయింది. కానీ మిగతా మనమంతా ఎక్కడ రాస్తున్నాం? ఫేస్‌బుక్ గోడ మీద. అది అద్దె గోడ, ఓనరు సున్నం కొడితే మన రాత పోయినట్టే. జియోసిటీస్ అని ఊరికే ఇళ్ళ స్థలాలిచ్చినట్టు పేజీలిచ్చారు, 2009లో అమెరికాలో మూసేశారు. ఆర్కుట్ 2014లో పోయింది. 2019 ఏప్రిల్‌లో, జయంతికి ముందురోజు, ఇక్కడే పంజాగుట్టలో బాబాసాహెబ్ విగ్రహాన్ని తొలగించి చెత్తబండిలో తీసుకుపోయినప్పుడు ఫోన్లన్నీ మోగిపోయాయి. ఆ ఫొటోలూ వీడియోలూ ఇవాళ మనలో ఎంతమంది దగ్గర ఉన్నాయి?

దొరల సంగతి కూడా వినండి. సెర్న్ వాళ్ళు తమ మొదటి పేజీ మొదటి రూపాన్నే దాచుకోలేదు. 2013లో తిరిగి నిలబెట్టాలనుకుంటే 1992 నాటి నకలే చేతికొచ్చింది. అంత పెద్ద సంస్థకే అలా అయితే మన ట్రంకుపెట్టె ఎంతకాలం ఆగుతుంది?

చుండూరు కేసులో ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎనిమిది శవాలున్నాయి, చంపినవాడు లేడు! రేపు మన మనవడు ఫోనులో చుండూరు అని వెతికితే హైకోర్టు మాట ఇంగ్లీషులో ఇట్టే దొరుకుతుంది. కాలవ గట్టు మీద ఆ వారం మనం పంచిన కరపత్రం దొరకాలి గదా.

అందుకని సంఘం బాధ్యులకు ఒక పని. ఎవరింట్లో పాత కరపత్రాలు, పత్రికలు, క్యాసెట్లు ఉన్నాయో జాబితా రాయండి. పగటి వెలుతురులో, నీడ పడకుండా, పేజీ పేజీకి ఫోనుతో ఫొటో తీయండి. ఊరు, తేదీ, అచ్చువేసిన ప్రెస్సు పేరు రాసి పెట్టండి. మూడు చోట్ల నకళ్ళు ఉంచండి. అమీర్‌పేటలో కోర్సు చేసిన మన పిల్లలు ప్రతి జిల్లాలో ఉన్నారు, వాళ్ళని కూచోబెట్టి యూనికోడ్‌లో టైపు చేయించండి. సైటు పేరు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది, సర్వరు అద్దె చందాల్లో చూసుకుందాం. పేరు మాత్రం సంఘం పేరునే తీసుకోండి, ఒక్క నాయకుడి పేరున వద్దు. సాక్ష్యం చెప్పినవాళ్ళ ఇంటి గుర్తులు, అత్యాచారం కేసుల్లో ఆడపిల్లల పేర్లు కనబడితే ఎక్కించే ముందు నల్లగా కొట్టేయండి.