విదేశీ వైద్య పట్టభద్రుల నమోదు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నూతన వైద్య కళాశాలల ముందున్న అవకాశం

విదేశాలలో వైద్యవిద్య ముగించుకొని స్వదేశానికి తిరిగివచ్చిన యువ వైద్యులను గురించి పత్రికలలో వెలువడే వార్తలు ఎక్కువగా ఒకే ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంటాయి. అది విదేశీ వైద్య పట్టభద్రుల అర్హత పరీక్షలో ఉత్తీర్ణతా శాతం. 2023 డిసెంబరు విడతలో అది 20.57 శాతం కాగా, 2025 జూన్ విడతకు హాజరైన 36,034 మందిలో 6,707 మంది మాత్రమే, అనగా 18.61 శాతం మంది ఉత్తీర్ణులైనారు. ఈ అంకెలు ఆందోళన కలిగించేవే. అయితే ఉత్తీర్ణులైన వారి పరిస్థితి ఏమిటన్న ప్రశ్న అంతగా చర్చకు రావడం లేదు. పరీక్షలో నెగ్గిన మరునాడే ఎవరూ వైద్యవృత్తి చేపట్టజాలరు. రాష్ట్ర వైద్య మండలిలో తాత్కాలిక నమోదు పొంది, గుర్తింపు గల ఆసుపత్రిలో పన్నెండు నెలల నిర్బంధ ఇంటర్న్‌షిప్ పూర్తిచేసిన పిదపనే శాశ్వత నమోదు లభిస్తుంది. ఆ పన్నెండు నెలలు ఎక్కడ గడపాలన్నదే నేటి అసలు సమస్య. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరులో ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు ఈ సమస్యతో దగ్గరి సంబంధం ఉన్నది.

పూర్వరంగం కొంత తెలుసుకొనవలసి ఉన్నది. భారత వైద్య మండలి చట్టానికి 2001లో చేసిన సవరణ, దానిననుసరించి 2002లో వచ్చిన నిబంధనలతో ఈ పరీక్ష అమలులోకి వచ్చినది. జాతీయ పరీక్షల బోర్డు ఏటా జూన్, డిసెంబరు విడతలుగా దీనిని నిర్వహిస్తున్నది. మూడు వందల ప్రశ్నలకు గాను నూట యాభై మార్కులు తెచ్చుకొన్నవారు ఉత్తీర్ణులు. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. ఇటువంటి పరీక్ష మన దేశానికే పరిమితమైనదని భావించడం సరికాదు. మన కళాశాలలలో చదివి బ్రిటన్‌కు వెళ్లిన తెలుగు వైద్యులు ప్లాబ్ పరీక్షను, అమెరికాకు వెళ్లినవారు యు.ఎస్.ఎం.ఎల్.ఇ.ని ఎదుర్కొన్నవారే.

ఉత్తీర్ణత ఇంత తక్కువగా ఉండటానికి విద్యార్థుల అలసత్వమే కారణమన్న అభిప్రాయం తరచు వినవస్తున్నది. ప్రశ్నపత్రం తీరును గమనిస్తే విషయం అంత సులువుగా తేలదు. మూడు వందల మార్కులలో సామాజిక వైద్యానికి 30, న్యాయవైద్యశాస్త్రానికి 10 కేటాయించబడినవి. క్షయ నివారణ కార్యక్రమం, టీకాల పట్టిక, ఆశా కార్యకర్తల విధులు, మరణ ధ్రువీకరణ, శవపరీక్షకు సంబంధించిన చట్టాలు మన దేశపు పాఠ్యాంశాలు. వీటిని జార్జియాలో గాని, కిర్గిజ్‌స్థాన్‌లో గాని బోధించరు, బోధించాలని ఆశించడమూ న్యాయం కాదు. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి రావడంతో, అంతకు మునుపు సిద్ధమైన అభ్యర్థులు ఈ భాగాన్ని మళ్లీ చదువుకొనవలసి వచ్చినది. అయినను మిగిలిన 260 మార్కులు ఎక్కడైనా ఒకే తీరుగా ఉండే శరీరశాస్త్రం, వైద్యం, శస్త్రచికిత్సలవే. కావున బోధనలో లోపాన్ని పూర్తిగా త్రోసిపుచ్చలేము.

పిల్లలను విదేశాలకు పంపదలచిన తల్లిదండ్రులు 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన నిబంధనలను ముందుగా గమనించాలి. ఆ తేదీ తరువాత చేరినవారికి ఇవి వర్తిస్తాయి. కోర్సు కనీసం 54 నెలలు, ఆంగ్ల మాధ్యమంలో ఉండాలి. అదే సంస్థలో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. చదివిన దేశంలో వైద్యవృత్తి చేయుటకు అక్కడి అధికార సంస్థ ఇచ్చే నమోదుకు అర్హత ఉండాలి. ఆపై మన దేశంలో మరో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ తప్పదు. మొత్తం వ్యవహారం కోర్సులో చేరిన పదేళ్లలో ముగియాలి. ఫిలిప్పీన్స్‌లో వైద్యకోర్సుకు ముందు చదివే బి.ఎస్. కాలాన్ని ఈ 54 నెలలలో కలుపుకొనరాదన్నది కమిషన్ వైఖరి. తెలుగు రాష్ట్రాల నుండి ఆ దేశానికి వెళ్లే విద్యార్థుల సంఖ్య తక్కువ కానందున ఈ అంశానికి మరింత ప్రచారం అవసరం.

పరీక్షలో ఉత్తీర్ణుడైన అభ్యర్థి ఉత్తీర్ణతా పత్రం, విదేశీ పట్టా, నీట్ అర్హత, పాస్‌పోర్టుపై రాకపోకల ముద్రలు మొదలైనవాటితో తెలంగాణ వైద్య మండలికి దరఖాస్తు చేసుకొంటాడు. ఈ పరిశీలన ఆలస్యమవుతున్నదన్న ఫిర్యాదులో కొంత నిజం ఉండవచ్చును. కాని దానిని తొందరపాటుతో ముగించరాదనడానికి ఒక ఉదంతం ఉన్నది. అర్హత పరీక్ష నెగ్గకుండానే 73 మంది వేర్వేరు రాష్ట్రాలలో నమోదు పొందినారన్న ఆరోపణపై కేంద్ర దర్యాప్తు సంస్థ 2022 డిసెంబరులో కేసు నమోదు చేసి, దేశవ్యాప్తంగా 91 చోట్ల సోదాలు జరిపినది. అందులో 14 రాష్ట్ర వైద్య మండళ్ల ప్రస్తావన ఉండటం గమనార్హం. ఒక దొంగ పత్రానికి ఆమోదముద్ర వేస్తే దాని ఫలితం అనుభవించేది ఏ మారుమూల గ్రామంలోనో వైద్యునిపై నమ్మకంతో చేయి చాచే రోగి.

నమోదు తరువాతి మజిలీ ఇంటర్న్‌షిప్. ఉక్రెయిన్ యుద్ధం వలన 2022 ఫిబ్రవరి, మార్చి మాసాలలో వేలాది విద్యార్థులు చదువు మధ్యలో తిరిగివచ్చిన సందర్భంలో ఈ మజిలీ ఎంత ఇరుకైనదో అందరికీ తెలిసివచ్చినది. 2022 మార్చి 4న కమిషన్ జారీచేసిన ఉత్తర్వు ప్రకారం ఒక్కొక్క కళాశాలలో అనుమతించిన సీట్లలో అదనంగా 7.5 శాతం మేరకే విదేశీ పట్టభద్రులకు ఇంటర్న్‌షిప్ ఇవ్వవచ్చును. వారి వద్ద రుసుము వసూలు చేయరాదని, భారతీయ పట్టభద్రులతో సమానంగా స్టైపెండు చెల్లించాలని అదే ఉత్తర్వు స్పష్టం చేసినది. అయినను కొన్ని రాష్ట్రాలలో స్టైపెండు నిరాకరించగా, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ వివక్ష తగదని పేర్కొన్నది. మన రాష్ట్రంలో ప్రభుత్వ కళాశాలల ఇంటర్న్‌ల స్టైపెండు 2025లో 25,906 రూపాయల నుండి 29,792 రూపాయలకు పెరిగినది. అప్పుచేసి విదేశాలకు పంపిన కుటుంబానికి ఈ మొత్తం చిన్నది కాదు.

ఇక మూడు జిల్లాల సంగతి. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రభుత్వ వైద్య కళాశాలలు చెరి 150 సీట్లతో 2022 నవంబరులో ప్రారంభమైనవి. గద్వాల కళాశాల 50 సీట్లతో 2024లో మొదలైనది. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నరేళ్లు. ఆ లెక్కన వనపర్తి, నాగర్‌కర్నూలు తొలి జట్టు చివరి పరీక్షలు ముగించుకొని ఇంటర్న్‌లుగా ఆసుపత్రిలో అడుగుపెట్టేది 2027లో, గద్వాల జట్టు 2029లో. అంతవరకు ఈ బోధనాసుపత్రులకు సొంత ఇంటర్న్‌లు ఉండరు. రాత్రివేళ ప్రసూతి వార్డులో రక్తపోటు చూచేందుకు, అత్యవసర విభాగంలో తొలి కుట్టు వేసేందుకు పాత కళాశాలలలో అందుబాటులో ఉండే పడుచు చేతులు ఇక్కడ కరవు. పట్టభద్రులు ఇంకా బయటకు రాని కొత్త కళాశాలలలో విదేశీ పట్టభద్రులను నియమించుటకు ప్రాధాన్యమీయాలన్న ఆలోచన 2021 నాటి ఇంటర్న్‌షిప్ నిబంధనలలోనే ఉన్నది. 7.5 శాతం లెక్క కడితే వనపర్తిలో 11, నాగర్‌కర్నూలులో 11, గద్వాలలో 3, మొత్తం 25 మంది. ఇరవై లక్షల జనాభా గల ప్రాంతానికి ఇది పెద్ద సంఖ్య కాదు. కాని రోగి పడక ప్రక్కన నిలిచే 25 మంది వైద్యులు తక్కువేమీ కారు.

నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో పన్నెండు వారాలు సామాజిక వైద్యానికి కేటాయించాలి. అచ్చంపేట, అమ్రాబాద్ మండలాలలోని చెంచు పెంటలకు వెళ్లే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు బృందంతో తిరిగినవారు, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో విత్తన పత్తి చేలలో పనిచేసే కూలీల అనారోగ్యాన్ని దగ్గరగా చూచినవారు, పరీక్షలో 30 మార్కుల కోసం బట్టీ పట్టిన విషయాన్ని అక్కడ పనిగా నేర్చుకొంటారు. పాముకాటు, పురుగుమందు విషం వంటి కేసులు విదేశీ ఆసుపత్రిలో వీరికి బహుశా ఎన్నడూ ఎదురై ఉండవు.

ఒక అభ్యంతరాన్ని కూడ పరిశీలించాలి. కొత్త కళాశాలలలో అధ్యాపకుల నియామకాలే పూర్తికానప్పుడు, అక్కడ శిక్షణ ఎంత పటిష్ఠంగా ఉంటుందన్న సందేహం సహేతుకమైనదే. ఇంటర్న్‌ను తక్కువ ఖర్చుతో దొరికే పనివానిగా వాడుకొని, ఏడాది చివర సంతకం పెట్టి పంపివేస్తే అటు అతనికి, ఇటు రోగికి మేలు జరగదు. విభాగాధిపతి లేని విభాగానికి ఇంటర్న్‌ను కేటాయించకపోవడం, లాగ్‌బుక్‌లను నెలనెలా పరిశీలించడం, ఆ విభాగపు కాలాన్ని మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో పూర్తిచేయనివ్వడం ఆచరణ సాధ్యమైన మార్గాలు. వసతి మరొక చిక్కు. హైదరాబాద్‌లోనే ఉండిపోవాలన్న అభ్యర్థుల మొగ్గు అందరికీ తెలిసినదే. ఆసుపత్రికి నడిచివెళ్లే దూరంలో గది, భోజనశాల లేనిదే ఆ మొగ్గు మారదు.

అర్హత పరీక్ష స్థానంలో, దేశంలో చదివినవారికి, విదేశాలలో చదివినవారికి ఉమ్మడిగా నెక్స్ట్ పరీక్ష నిర్వహించాలని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం నిర్దేశించినది. 2023 జులైలో దీనిని తదుపరి ఆదేశాల వరకు వాయిదా వేశారు. అందువలన పాత పరీక్షయే కొనసాగుతూ వచ్చినది. ప్రతి విడత ఫలితాల వెంట కొత్త దరఖాస్తులు మండలికి చేరుతూనే ఉంటాయి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో సొంత ఇంటర్న్‌లు వచ్చేసరికి ఖాళీల లెక్క మారుతుంది. గద్వాలలో మాత్రం మరి రెండేళ్లు అవకాశం మిగిలి ఉంటుంది.