అత్తమ్మ ఆట మానెయ్యకుండా...

వదినలూ, చెల్లెళ్ళూ! పోయినవారం తొక్కుల సంగతి చెప్పుకున్నాం కదా. ఈవారం జాడీలు పక్కన పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళ మతిమరుపు గురించి మాట్లాడుకుందాం.

మా అత్తమ్మకి 74 ఏళ్ళు. ఈ ముత్తంగిలో హైవే లారీల రొద మధ్యనే ఆమె కాపురమంతా గడిచింది. అలాంటి మనిషి ఒకరోజు గుడికని బయల్దేరి, తిరిగొచ్చేటప్పుడు మా గల్లీ మరిచిపోయి రోడ్డు పక్కన నిలబడిపోయింది. తెలిసిన ఆటో అబ్బాయి తీసుకొచ్చి దింపాడు. "ఎండకి కళ్ళు తిరిగినయి బిడ్డా" అంది గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డాక్టరుగారికి చూపించాం. బి12 తక్కువగా ఉంది, చెవి కూడా మందగించింది అన్నారు. మందులు రాసి, మెదడుకి కాస్త పని చెప్పమన్నారు. మా అబ్బాయి ఫోన్లో జ్ఞాపకశక్తి ఆట ఒకటి పెట్టిచ్చాడు. మూడు రోజులు ఆడింది. నాలుగో రోజునుంచి ఫోను దిండు కిందికి చేరింది! అడిగితే కళ్ళజోడు కనబడలేదనేది.

ఒకనాడు బుజ్జగించి అడిగాను. "తప్పయినప్పుడల్లా అది కీచుమంటది, నువ్వేమో వంటింట్లకెళ్ళి తొంగి చూస్తవు. పరీక్ష రాసినట్టుంటది బిడ్డా" అంది. నాకు సిగ్గేసింది. తప్పు ఫోనుది సగం, నాది సగం!

అప్పుడు ఇలా మార్చుకున్నాం. మీ ఇంట్లోనూ చేసి చూడండి.

* ఆట శబ్దం తీసేసి, అక్షరాలు పెద్దవి చేశాం. తెలుగులో ఉన్న ఆటే ఎంచుకున్నాం.

* సాయంత్రం నాలుగున్నర టీకి ముడిపెట్టాం. అలారం మోతకి బదులు మా అమ్మాయి గొంతు రికార్డు చేశాం: "నానమ్మా, టీ తాగినవా? ఆడుదాం రా!"

* పావుగంట చాలు. ఒకరోజు మానేస్తే సాధించడాలు లేవు.

* వారానికి రెండుసార్లు సదాశివపేటలో ఉన్న చెల్లెలితో వీడియో కాల్. ఒకరన్న మాట చివరి అక్షరంతో ఇంకొకరు మాట అందుకోవాలి. తెలుగులో తోచకపోతే ఉర్దూ మాట చెల్లుతుంది.

* ఆ ఫోన్లో బ్యాంకు యాప్‌లు ఉంచలేదు. మా నంబరు రాసిన చీటీ ఆమె సంచిలో ఉంటుంది.

ఉర్దూ ఎందుకంటారా? మన హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు జబ్బు రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఆ జబ్బు దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువు రానివాళ్ళలోనూ ఈ తేడా కనబడింది.

ఇక ఆటల సంగతి. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 2,832 మందితో 'యాక్టివ్' అనే పెద్ద పరిశోధన చేశారు. చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి పది తరగతులు నేర్పారు. 2014లో పదేళ్ళ ఫలితాలు చెప్పారు: ఆలోచనకీ, చురుకుదనానికీ ఇచ్చిన శిక్షణ ఫలం అప్పటికీ నిలిచింది, జ్ఞాపకానికి ఇచ్చినది మాత్రం నిలవలేదు. కాబట్టి ఒకే ఆట పట్టుకుని కూర్చోవద్దు. తోడు ఉంటే మరీ మంచిది.

ప్రకటనలు చూసి మోసపోకండి కూడా. ఆటలతో మతిమరుపు రాకుండా ఆపుతామని ఆధారాల్లేకుండా ప్రచారం చేసినందుకు లుమోసిటీ అనే కంపెనీ 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆట మందు కాదు. బీపీ, షుగర్ అదుపులో ఉండాలి, చెవీ కన్నూ చూపించాలి, నాలుగడుగులు నడిపించాలి, నలుగురితో మాట్లాడనివ్వాలి. మతిమరుపు కనబడగానే "వయసు మీద పడింది, అంతే" అనుకోకుండా ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. బి12, థైరాయిడ్ లోపాలైతే మందులతో సరిచేయవచ్చు.

అత్తమ్మ మతిమరుపు పూర్తిగా పోయిందని చెప్పను. నిన్న పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. నేనేమీ అనలేదు, ఇంకాస్త పప్పు ఉడికించి కలిపాను. కానీ నాలుగున్నరకి మనవరాలి గొంతు వినబడగానే తనే కళ్ళజోడు వెతుక్కుంటోంది. నేనిప్పుడు తొంగి చూడటం మానేశాను. టీ గ్లాసు పట్టుకెళ్ళి, పక్కన కూర్చుని నేనూ ఆడుతున్నాను. మొన్న నన్ను ఓడించింది కూడా!