మాత్రికలు నేర్పే తీరుపై నా అభియోగం

ఇంజనీరింగు మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కల్లో పునాది లేదని వాపోయే అధ్యాపకులు కోకొల్లలు. నేనొప్పుకోను. పునాది లేనిది పిల్లలకు కాదు, రేఖీయ బీజగణితాన్ని మనం బోధించే పద్ధతికి. మాత్రిక అంటే ఏమిటో చెప్పకుండానే దాని ర్యాంకు కనుక్కోమంటాం, విలోమం రాయమంటాం, ఐగెన్ విలువలు లాగిస్తాం, కేలీ-హామిల్టన్ సిద్ధాంతాన్ని సరిచూస్తే మార్కులిచ్చి పంపేస్తాం.

నేను చదివిన కళాశాలలోనూ ఇదే తంతు. అడ్డువరుసను నిలువువరుసతోనే ఎందుకు గుణించాలని అడిగిన సహపాఠికి దొరికిన జవాబు: “సూత్రమంతే, రాసుకో.”

జవాబు లేక కాదు. మాత్రిక అనేది సదిశలను ఒక చోటునుంచి మరొక చోటికి చేర్చే క్రియ. రెండు క్రియలను ఒకదాని వెంట ఒకటి జరిపితే వచ్చే ఫలితమే వాటి లబ్ధం. 1858లో ఆర్థర్ కేలీ మాత్రికల గుణకారాన్ని నిర్వచించింది ఈ దృష్టితోనే. ఒక బొమ్మను ముందు తొంభై డిగ్రీలు తిప్పి తర్వాత అడ్డంగా సాగదీయడమూ, ముందు సాగదీసి తర్వాత తిప్పడమూ ఒకటి కావు. అందుకే గుణకారంలో క్రమం మార్చరాదు. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇంకొకటి చూడండి. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇచ్చిన లెక్క ఇది: తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి 107, ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు కలిపి 101. ఒక్కొక్కదాని వెల ఎంత? పావులూరి మల్లన 11వ శతాబ్దిలో తెనిగించినది ఈ గ్రంథాన్నే. జవాబు 8, 5. మన తరగతిలో క్రామర్ సూత్రం ప్రయోగించి చేతులు దులుపుకుంటాం. అదే లెక్కను నిలువువరుసలుగా చూస్తే? (9, 7) ఒక దిక్కు, (7, 9) మరొక దిక్కు. మొదటి దిక్కున 8 అంగలు, రెండవ దిక్కున 5 అంగలు వేస్తే (107, 101) చేరుకుంటాం. నిర్ధారకం 32 అంటే ఆ రెండు సదిశలూ భుజాలుగా ఏర్పడే సమాంతర చతుర్భుజపు వైశాల్యం. అది సున్నా అయితే రెండు దిక్కులూ ఒకే గీత మీద పడ్డాయన్నమాట. ఆ గీతకు వెలుపలి గమ్యానికి ఇక దారి లేదు.

పోనీ, ఈ నిర్ధారకాల తంతు లెక్కకట్టడానికైనా అక్కరకొస్తుందా? ఇరవై వరుసల నిర్ధారకాన్ని పాఠ్యపుస్తకంలోలాగా విప్పుకుంటూ పోతే పందొమ్మిది అంకెల సంఖ్యలో పదాలొస్తాయి. సెకనుకు నూరు కోట్ల పదాలు కూడే యంత్రానికైనా 77 ఏళ్లు పడుతుంది. చరరాశులను ఒక్కొక్కటిగా తొలగించే గాస్ పద్ధతిలో మూడువేల లోపు గుణకార భాగహారాలతో పని ముగుస్తుంది.

“పరీక్ష గట్టెక్కడానికి ఇది చాలదా?” అంటారు. చాలు, గట్టెక్కడానికే అయితే. కానీ 1998లో బ్రిన్, పేజ్ వెలువరించిన పేజ్‌రాంక్‌కు మూలం ఒక ఐగెన్ సదిశ. మాత్రిక తన క్రియతో పక్కకు తిప్పలేని దిక్కే ఐగెన్ సదిశ అని ఎవరూ చెప్పకపోతే, యాభై లెక్కలు చేసిన విద్యార్థి కూడా దాన్ని అక్కడ గుర్తుపట్టలేడు.

అలాగని సదిశాంతరాళపు స్వయంసిద్ధాలను తొలిరోజే పిల్లల నెత్తిన కుమ్మరించమనడం లేదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ ఎంఐటీలో నిలువువరుసల బొమ్మతో పాఠం మొదలుపెట్టాడు. షెల్డన్ ఆక్స్‌లర్ 1995 నాటి తన పుస్తకంలో నిర్ధారకాలను చివరికి నెట్టాడు. దారులు వేరైనా ఇద్దరికీ అర్థమే ముందు, తంతు తర్వాత.

ఈ బోధన వల్ల నష్టం ఒక్క పేపరుతో పోదు. తనకు లెక్కలు రావని ఆ పిల్లవాడు జీవితాంతం నమ్ముతాడు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాడైతే తప్పు తన భాషదనీ నమ్ముతాడు. పైన నేను చెప్పినవన్నీ తెలుగులోనే చెప్పాను. ఎక్కడా భాష అడ్డురాలేదు. లెక్కలు తెలిసిన బ్లాగ్మిత్రులు తలా ఒక భావన తీసుకుని ఇలా రాస్తే, “ఎందుకు?” అని అడిగే పిల్లలకు ఒక చోటైనా జవాబు దొరుకుతుంది. ఆ ప్రశ్నకు జవాబివ్వని అధ్యాపకులు మాత్రం పునాదుల మాట ఎత్తకుండా ఉంటే మేలు.